మారిషస్‌లో ఏడు కూరల విస్తరి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఎ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, పెన్షన్ సవరణ, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "మీరు మారిషస్ వెళ్ళి వచ్చారు గదా, ఆ విశేషాలు చెప్పండి, సభ్యులకు కాస్త మార్పుగా ఉంటుంది" అని ఆదేశించారు. సముద్రం నీలంగా ఉంది, ఇసుక తెల్లగా ఉంది, ఎండ హాయిగా ఉంది అని చెబితే నా ప్రసంగం రెండు నిమిషాల్లో అయిపోతుంది. అవన్నీ క్యాలెండర్లలో మీరూ చూసినవే. నేను చెప్పబోయేది అక్కడ మేము తిన్న తిండి గురించి, ఆ తిండిని కాపాడుకుంటూ వస్తున్న మనుషుల గురించి. ఖజానా శాఖలో ముప్పై రెండేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి కాబట్టి లెక్కలు కూడా అక్కడక్కడా వస్తాయి. ఓర్చుకోవాలి.

మా అల్లుడు ఉద్యోగరీత్యా అక్కడ ఉండడం వల్ల 2023 సెప్టెంబరులో నేను, మా శ్రీమతి బయలుదేరి వెళ్ళి ఇరవై రెండు రోజులు ఉన్నాం. ముంబయి నుండి ఆరు గంటల పైచిలుకు విమాన ప్రయాణం. గడియారం మనకంటే గంటన్నర వెనక. దీవి వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత చిత్తూరు జిల్లాలో ఎనిమిదో వంతు. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండడం వల్ల ఋతువులు తలక్రిందులు. మనకు చలికాలమైతే వారికి ఎండాకాలం. ఉగాదినాడు మనం వసంతాన్ని ఆహ్వానిస్తుంటే అక్కడ ఎండలు తగ్గుముఖం పడుతూ, మామిడి కాపు అయిపోయి ఉంటుంది. అయినా ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. అలాగే తమిళుల కావడి పండుగ, శివరాత్రి, వినాయక చవితి, దీపావళి, రంజాన్, చైనావారి కొత్త సంవత్సరం, క్రిస్మస్, అన్నింటికీ సెలవులున్నాయి. సెలవుల జాబితా చూస్తేనే ఆ దేశంలో ఎవరెవరున్నారో తెలిసిపోతుంది.

వీరంతా అక్కడికి ఎలా చేరారు? ఆ దీవికి ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1598లో డచ్చివారు దిగి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. జావా నుండి చెరకు తెచ్చి నాటింది వారే. తరువాత 1715లో ఫ్రెంచివారు వచ్చారు. ఆఫ్రికా నుండి, మడగాస్కర్ నుండి బానిసలను తెచ్చి పనిచేయించారు. 1810లో ఆంగ్లేయులు ఆక్రమించారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. మరి చెరకు తోటల్లో పని ఎవరు చేయాలి? అప్పుడు వారి చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో కలకత్తా నుండి 36 మంది కూలీలు దిగారు. అక్కడితో మొదలై ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ రేవులో దిగారు. వారిలో ఎక్కువమంది బీహారు ప్రాంతంవారు. తరువాత మన మద్రాసు ప్రెసిడెన్సీ నుండి తమిళులు, తెలుగువారు.

తెలుగువారు ఎక్కువగా గోదావరి, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు వారికి స్థిరపడిపోయింది. మారిషస్‌లో తెలుగువారిని 'కోరంగీలు' అనేవారు. 1839 తుఫానులో ఆ కోరంగి దెబ్బతిని రేవుగా క్రమంగా మూలబడింది. దాని పేరు మాత్రం అక్కడ సముద్రానికి అవతల బతికింది. 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ 1843లో తెలుగువారిని తెచ్చిందని అక్కడి పెద్దలు చెబుతారు.

రాజధాని పోర్ట్ లూయీలో వారు దిగిన డిపోను ఇప్పుడు 'ఆప్రవాసి ఘాట్' అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగినవారు ఎక్కిన రాతిమెట్లు పదహారు ఇంకా ఉన్నాయి. తిరుమల కొండకు మెట్లెక్కి వెళ్ళే ఊరివాళ్ళం మనం, మెట్లంటే మనకు లెక్కలేదు. కానీ ఆ పదహారు మెట్లు ఎక్కడానికి మాకు చాలాసేపు పట్టింది. కొండ మెట్లెక్కినవాడు తిరిగి దిగి ఇంటికి వస్తాడు. ఆ మెట్లెక్కిన వారిలో చాలామంది తిరిగి రాలేదు.

ఇక తిండి సంగతికి వస్తాను. మాది శాకాహారం. దీవి అంటే చేపలే తినాలి గాబోలునని మా శ్రీమతి పప్పుపొడి, చింతకాయ తొక్కు, మూడు కిలోల అటుకులు సర్దుకుంది. ఆ అటుకులు అలాగే వెనక్కి వచ్చాయి. పోర్ట్ లూయీ వీధుల్లో మొదటిరోజే 'ధోల్ పూరీ' తిన్నాం. పేరు పూరీయేగాని నూనెలో వేయించరు. శనగపప్పు లాంటి పసుపుపచ్చని పప్పును ఉడికించి, పొడిచేసి, మైదాపిండి లోపల పెట్టి, పలుచగా వత్తి, పెనం మీద కాల్చుతారు. చూడగానే మా శ్రీమతి "ఇది బెల్లం వేయని ఓళిగ" అని తేల్చేసింది. అంతకంటే సరైన వర్ణన నేను చెప్పలేను. ఎప్పుడూ జతగానే అమ్ముతారు. రెండింటి మీద చిక్కుడు గింజల లాంటి పెద్ద గింజల కూర, టమాటా కూర, కొత్తిమీర పచ్చడి, ఊరగాయ వేసి కాగితంలో చుట్టి చేతికిస్తారు. బీహారు కూలీలు తెచ్చిన వంట ఇది. ఇప్పుడు అక్కడ హిందువు, క్రైస్తవుడు, ముసల్మాను, చైనావాడు అనే భేదం లేకుండా ఒకే బండి ముందు వరుసలో నిలబడి తింటారు.

ఉదయం పూట 'గాతో పిమాఁ' అని మరొకటి. ఫ్రెంచి మాట, మిరపకాయ కేకు అని అర్థం. తీరా చూస్తే మన పప్పువడ! నానబెట్టిన పప్పును కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉల్లి ఆకులు కలిపి చిన్నచిన్న ఉండలుగా నూనెలో వేయిస్తారు. కాకపోతే దానిని పొడుగాటి ఫ్రెంచి బ్రెడ్డు చీల్చి, వెన్న రాసి, లోపల పెట్టుకుని తింటారు. ఒక్క కాటులో రెండు ఖండాలు. అనాసపండు ముక్కలకు చింతపండు, ఉప్పు, కారం పట్టించి అమ్ముతారు. మన బడి గేటు ముందు మామిడికాయ ముక్కల రుచే. 'అలూదా' అని పాలల్లో సబ్జా గింజలు వేసిన చల్లని పానీయం ఉంది. వెనీలా పరిమళం వేసిన టీ ఉంది. మాంసాహారం తినే మిత్రుల కోసం ఒక మాట. ఆవాలు, పసుపు పట్టించిన చేపల 'విందాయ్' అక్కడ ప్రసిద్ధి. దాన్ని గురించి మా అల్లుడు చెప్పినది తప్ప నా సాక్ష్యం చెల్లదు.

కూరగాయల మార్కెట్‌కు వెళ్ళినప్పుడు అసలు ఆశ్చర్యం కలిగింది. అక్కడ అందరి వాడుక భాష క్రియోల్, ఫ్రెంచి నుండి పుట్టినది. నాకు ఒక్క ముక్క రాదు. కానీ కూరగాయలమ్మే ఆమె చెబుతున్న పేర్లు వింటే చెవులు నిక్కబొడుచుకున్నాయి. కరివేపాకును 'కారిపులే' అంటోంది. కొత్తిమీరను 'కోతోమిలి' అంటోంది. మునగాకు 'బ్రెడ్ మురుం', బ్రెడ్ అంటే ఆకుకూర. బీరకాయ 'పిపంగాయ్'. పొట్లకాయ 'పాతోల్'. ఇవి ఎక్కడివో మన జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. కరివేప్పిలై, కొత్తమల్లి, మురుంగై, పీర్కంగాయ్. పుత్తూరు సంతలో, నగరి సంతలో చిన్నప్పటినుండీ విన్న తమిళ మాటలే గదా! హైదరాబాదు నుండి వెళ్ళినవారికంటే మన చిత్తూరువారికి మారిషస్ వంటగది తొందరగా అర్థమవుతుందని అక్కడే నాకు తోచింది. దీనికి కారణం చరిత్రలో ఉంది. ఫ్రెంచివారి కాలంలోనే, లా బూర్దొన్నే అనే గవర్నరు హయాంలో, పుదుచ్చేరి నుండి తమిళ పనివారిని తీసుకువెళ్ళారు. కూలీల ఓడలు రావడానికి నూరేళ్ళ ముందే తమిళ వంట మాటలు ఆ దీవిలో పాతుకుపోయాయి. తరువాత వచ్చిన తెలుగువారు ఆ మాటలతోనే బజారు చేసుకున్నారు.

మేమున్నది పెరటాసి మాసం. పెరటాసి శనివారాలంటే తిరుపతిలో రద్దీ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అక్కడా ఆ మాసానికి గౌరవముంది. తమిళ, తెలుగు కుటుంబాలవారు మాంసం మానేసి గోవింద వ్రతం చేస్తారు. మా అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక తెలుగు వంశస్థుడు, మేము తిరుపతి వాళ్ళమని తెలిసి, శనివారం పూజకు తమ ఇంటికి రమ్మన్నాడు. దీవికి దక్షిణాన చెరకు తోటల మధ్య పల్లె. నల్లని అగ్నిపర్వతపు రాళ్ళు తోటల్లో అక్కడక్కడా గుట్టలుగా పేర్చి ఉన్నాయి. ఆ రాళ్ళను ఏరి, పేర్చి, భూమిని సాగుకు తెచ్చింది కూలీల చేతులే.

ఆ ఇంట్లో ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ ఉంది. మేము గుమ్మంలో అడుగుపెట్టగానే "గోవిందా" అని చేతులు జోడించింది. అంతవరకే. ఆ తరువాత ఆమె మాట్లాడిందంతా క్రియోల్. అమ్మ, తాత, దీపం, పసుపు, బొట్టు, ఇలాంటి మాటలు కొన్ని ఆమె దగ్గర మిగిలి ఉన్నాయి. వాక్యం కట్టడానికి భాష లేదు. మనవడు ఇంగ్లీషులో అనువదిస్తూ వచ్చాడు.

పూజ అయ్యాక అరటాకులు పరిచారు. 'సెత్ కారీ' అంటారు, అంటే ఏడు కూరలు. అన్నం చుట్టూ గుమ్మడికాయ కూర, పచ్చి అరటికాయ కూర, పనసకాయ కూర, వంకాయ కూర, ఆకుకూర, గింజల కూర, పప్పు. లెక్కపెట్టాను, ఏడు. పక్కన ఊరగాయ, అప్పడం. తరువాత 'రాసోఁ' పోశారు. అది రసమే, మిరియాలు దంచి వేశారు. చివర సగ్గుబియ్యం, సేమ్యా కలిపిన పాయసం. అందరూ చేత్తోనే తిన్నారు. ప్యాంటు, టీషర్టు వేసుకున్న కుర్రవాళ్ళు కూడా విస్తరి ముందు కూర్చోగానే ఎవరూ చెప్పకుండా నీళ్ళు చిలకరించి తిన్నారు. కూరల్లో కారం మనకంటే తక్కువ, పసుపు ఎక్కువ. మా శ్రీమతి పనసకాయ కూరను రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఇది నేను ఇంట్లో ఎన్నడూ చూడని విశేషం.

భోజనాలయ్యాక ఆ పెద్దావిడ లోపలికి వెళ్ళి రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి కాగితం. అక్కడ మోకా అనే ఊళ్ళో 1970లో స్థాపించిన మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వలస వచ్చిన వారి రికార్డులు అక్కడ భద్రపరిచారు. ఒక్కొక్క కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, జిల్లా. రికార్డుల నిర్వహణ తెలిసినవాడిగా చెబుతున్నాను, ఆ గుమాస్తాల ఓపికకు నమస్కరించాలి. కానీ వారు చెవికి వినబడినట్లు రాసుకున్నారు. వ్యక్తి పేరు ఇంటిపేరయింది. అప్పడు, అప్పన్న, సింహాద్రి, వెంకటసామి, ఇవన్నీ నేడు అక్కడ ఇంటిపేర్లు. ఫ్రెంచిలో రాసే ప్రసిద్ధ నవలా రచయిత్రి నతాషా అప్పనా పేరులో ఉన్నది మన అప్పన్నే. ఈమె ముత్తాత కాగితంలో జిల్లా విశాఖపట్నం అని స్పష్టంగా ఉంది. ఊరి పేరు మాత్రం ఏ అక్షరాన్ని ఎలా పలకాలో తెలియకుండా ఉంది. "మీ ఊరికి ఇది ఎంత దూరం?" అని అడిగింది. ఏడు వందల కిలోమీటర్ల పైన అన్నాను. "అంత దగ్గరా!" అంది. నవ్వాలో ఏమనాలో నాకు తోచలేదు. వేల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చిన వారి లెక్కలో అది పక్క ఊరే గదా.

రెండవది పాత నోటు పుస్తకం. ఆమె తండ్రి తెలుగు లిపిలో రాసుకున్న రామభజన పాటలు. అక్కడి తెలుగువారి ముఖ్యమైన ఆచారాల్లో రామభజన ఒకటి. మధ్యలో దీపస్తంభం పెట్టి, చుట్టూ వలయంగా తిరుగుతూ, అడుగులు వేస్తూ రాత్రి పొద్దుపోయేదాకా పాడతారు. మన పల్లెల్లో చెక్కభజన చూసినవారికి ఆ అడుగులు కొత్త కావు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ కూడా ఇలాగే ఇళ్ళల్లో కాపాడుకున్నారు. అమ్మోరు పండుగకు వేపాకు, పసుపునీళ్ళు అని ఆమె చెబుతుంటే మాకు తాతయ్యగుంట గంగమ్మ జాతర కళ్ళముందు నిలిచింది.

ఆ పెద్దావిడకు పాటలన్నీ కంఠతా వచ్చు, కానీ చదవడం రాదు, అర్థం సగమే తెలుసు. మనవడు ప్రాథమిక పాఠశాలలో తెలుగు నేర్చుకున్నాడు. అక్కడ ప్రభుత్వ బడుల్లో కోరుకున్నవారికి తెలుగు నేర్పుతారు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, అర్థం తెలియదు. మేమిద్దరం అర్థం చెప్పగలం, ఆ బాణీ తెలియదు. కాబట్టి నలుగురం కూర్చున్నాం. అతను చదివాడు, ఆమె పాడింది, మా శ్రీమతి ఒక్కొక్క మాటకు అర్థం చెప్పింది, నేను ఇంగ్లీషులో మార్చి అతనికి చెబితే అతను క్రియోల్‌లో నాయనమ్మకు చెప్పాడు. ఒక పాటకు గంట పట్టింది. సీతమ్మ అడవిలో ఉండి పుట్టినింటిని తలుచుకునే పాట అది. ఆ అర్థం చేరాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మనవడితో ఏదో అంది. "మా నాన్న ఈ పాట దగ్గరే ఎప్పుడూ ఏడ్చేవాడు, ఎందుకో ఇప్పుడు తెలిసింది అంటోంది" అని అతను చెప్పాడు.

సోదరులారా, మనం పెన్షనర్లం. బతికే ఉన్నామని ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. అది ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది కాబట్టి ఇస్తాం. వారిని అడిగేవారు ఎవరూ లేరు, ఇవ్వకపోతే ఆగే పెన్షనూ లేదు. అయినా నూట ఎనభై ఏళ్ళుగా, తరం తరువాత తరం, మేము తెలుగువాళ్ళం అని విస్తరి వేసి, దీపం పెట్టి సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నారు.

ఇక్కడ రెండు మాటలు కలపాలి. మొదటిది, వారి సంస్కృతి అంటే భారతీయ సంస్కృతి ఒక్కటే కాదు. బానిసల సంతతి వారి 'సేగా' అనే ఆటపాట ఉంది. 2014లో యునెస్కో జాబితాలో చేరింది. మేకతోలు బిగించిన 'రవాన్' అనే పెద్ద పళ్ళెం లాంటి వాద్యాన్ని మంట దగ్గర కాచి వాయిస్తారు. జాతరలో మనవాళ్ళు పలక కాచినట్లే! పారిపోయిన బానిసలు తలదాచుకున్న ల మోర్న్ పర్వతం నీడలో, సముద్రపు ఒడ్డున ఆ వాయిద్యం విన్నాం. కూలీలు వచ్చిన తేదీకి, బానిసత్వం రద్దయిన తేదీకి రెండింటికీ ఆ దేశం సెలవు ఇచ్చి గౌరవిస్తుంది. ఒకరి కష్టాన్ని మరొకరి కష్టంతో పోల్చి తక్కువ చేయదు. ఇది మనం నేర్చుకోదగినది.

రెండవది, ఏ చెరకు కోసం ఇంతమందిని తెచ్చారో ఆ చెరకు ఇప్పుడు తగ్గిపోతోంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ చిన్న దీవిలో రెండు వందలకు పైగా చక్కెర మిల్లులుండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మన చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడడం చూసినవాళ్ళం, ఆ బాధ మనకు తెలుసు. మిల్లు పోయినా మనుషులు మిగిలారు. వారితో ధోల్ పూరీ, ఏడు కూరల విస్తరి మిగిలాయి.

1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ మారిషస్‌లో జరిగాయి. నాలుగవ సభలు 2012 డిసెంబరులో మన తిరుపతిలో జరిగాయి. సభలు మంచివే. కానీ సభల్లో చెప్పే తెలుగు వేరు, వంటింట్లో మిగిలే తెలుగు వేరు. మన సంగతే చూడండి. మా మనవరాలు బెంగుళూరులో చదువుతోంది. మాట్లాడుతుంది, చదవలేదు. మీ మనవలు డాలస్‌లో, సిడ్నీలో ఉన్నారు. మారిషస్ వారికి ఓడ దిగాక తెలుగు చెప్పే బడి చాలాకాలం దక్కలేదు, ఉత్తరం అందలేదు. మన పిల్లలకు రోజూ ఫోను ఉంది. అయినా ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అనేది మన చేతిలోనూ కొంత ఉంది.

అందుకని కార్యదర్శి గారికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మన సభ్యులు ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసి ఇవ్వాలి. తన ఇంట్లో అమ్మ చేసిన ఒక వంట, అమ్మ పాడిన ఒక పాట, లేదా తన ఊళ్ళో తప్ప మరెక్కడా వినబడని పది మాటలు. ఊరిబిండి ఎలా నూరాలో, సంగటి ఏ గరిటెతో కెలకాలో, ఉలవచారు ఎంతసేపు మరగాలో రాయండి. టైపు చేయించవద్దు, చేత్తోనే రాయండి. పాటకు పక్కనే అర్థం కూడా రాయండి. ఆ పేజీలను సంఘం ఒక ఫైలుగా కట్టి, ప్రతులు తీసి అందరి పిల్లలకూ పంపాలి. ఖర్చు ఎంతవుతుందో లెక్కవేశాను. మన వార్షిక సమావేశం భోజనాల్లో ఒక స్వీటు తగ్గిస్తే సరిపోతుంది. ఏ స్వీటు తగ్గించాలన్నది కార్యవర్గం నిర్ణయానికి వదిలేస్తున్నాను.

వెళ్ళదలచిన వారికి చివరగా కొన్ని సూచనలు. భారతీయ పర్యాటకులకు ముందుగా వీసా అక్కరలేదు. జనవరి నుండి మార్చి వరకు తుఫానుల కాలం, ఆ నెలలు వద్దు. మందుల చీటీ దగ్గర ఉంచుకోండి. బీచి పక్కన హోటల్లో ఎన్ని రోజులున్నా ఒక్కరోజైనా పల్లెలోని తెలుగువారి మందిరానికి వెళ్ళండి. అటుకులు మాత్రం తీసుకుపోవద్దు. పెట్టెలో ఆ చోటు ఖాళీగా ఉంచి, తెలుగు వాచకాలు నాలుగు పెట్టుకుపోండి. మేము తిరిగివచ్చాక ఆ కుర్రవాడికి పెద్దబాలశిక్ష ఒకటి పోస్టులో పంపాం. మిగిలిన పాటలు ఇంకా పదిహేడు ఉన్నాయట. నెలకొకటి చొప్పున ఫోనులో చదువుతున్నాడు, మా శ్రీమతి అర్థం చెబుతోంది. ఇప్పటికి ఆరు అయ్యాయి.